చుక్క ముట్టని 'తాగుబోతు' జానీ వాకర్

దూరదర్శన్‌లో ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వచ్చే రోజులు చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వీధిలో ఒక్క ఇంట్లో టీవీ ఉంటే చాలు, వీధి వీధంతా అక్కడే చేరేది. పెద్దలు మంచాల మీద, పిల్లలు చాప మీద. అలాంటి ఒక సాయంత్రం మేము మొదటిసారి 'మధుమతి' చూశాం. అందులో ఒక నౌకరు ఉంటాడు. తాగి, చెట్టెక్కి, పాట పాడతాడు. చాప మీది పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వాం. మంచాల మీది పెద్దలూ నవ్వారు. నవ్వనిది ఒక్క దాదీమాయే.

"ఆ తాగుబోతును చూసి ఏమిట్రా అంత నవ్వు?" అంది. ఆమె సొంత తమ్ముడు తాగుడుతోనే పోయాడని, భార్యాబిడ్డలను వీధిన పడేసి మరీ పోయాడని మాకు అప్పటికి తెలియదు. మా అబ్బాజాన్ సర్దిచెప్పబోయారు. "అమ్మీ, అతను నిజంగా తాగడు. జన్మలో చుక్క ముట్టలేదట. మనవాడే. పేరు బద్రుద్దీన్" అన్నారు. దాదీమా కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అయితే చూసి నేర్చుకున్నాడన్నమాట. ఎవరి ఇంట్లో చూశాడో, పాపం."

ఆ మాట మాకు ఇన్నేళ్లయినా మరుపుకు రాలేదు. జానీ వాకర్ అన్న పేరుతో యావద్దేశాన్నీ నవ్వించిన బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుదామని కూర్చుంటే, మొదట గుర్తుకొచ్చింది దాదీమా వేసిన ఆ ప్రశ్నే. ఇంతకూ ఆయన ఎక్కడ చూశారు? ఎలా నేర్చుకున్నారు? విస్కీ పేరు పెట్టుకుని, తాగుబోతు వేషాలు వేస్తూ, విస్కీ వాసనే తగలకుండా ఒక జీవితం ఎలా గడిపారు?

ఇండోర్ నుంచి బొంబాయికి

బద్రుద్దీన్ 1920లలో ఇండోర్‌లో పుట్టారు. తండ్రి బట్టల మిల్లులో కార్మికుడు. ఆ ఉపాధి కాస్తా పోయింది. కుటుంబం చూస్తే పెద్దది, తినే నోళ్లు ఎక్కువ. పొట్ట చేతపట్టుకుని అందరూ బొంబాయి చేరారు. బద్రుద్దీన్ చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. పుస్తకాల సంచి పట్టుకోవలసిన చేతులకు అమ్మకపు బుట్ట వచ్చింది. ఐసు పుల్లలు అమ్మారు. పండ్లు అమ్మారు. కూరగాయలు, కాగితాలు, కలాలు అమ్మారు. రోజుకు ఎన్ని మైళ్లు నడిచేవారో లెక్కే లేదు.

వీధిలో తిరిగి సరుకు అమ్మేవాడికి రెండు విద్యలు తెలియాలి. ఒకటి, గొంతెత్తి పిలవడం. రెండు, ఎదుటివాడి ముఖం చూసి వాడి మనసు కనిపెట్టడం. గిట్టుబాటు బేరమా, ఉత్త కాలక్షేపమా అన్నది మొదటి మాటలోనే పసిగట్టకపోతే సాయంత్రానికి బుట్ట బరువు తగ్గదు. ఈ రెండు విద్యలూ తర్వాత ఆయనకు నటనలో పెట్టుబడి అయ్యాయి.

సినిమా పిచ్చి మాత్రం చిన్ననాటి నుంచీ ఉంది. ఆ రోజుల్లో నూర్ మహమ్మద్ చార్లీ అనే హాస్యనటుడికి గొప్ప పేరు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు. ఆ చార్లీ అంటే బద్రుద్దీన్‌కు ప్రాణం. తెర మీద చూసిన విన్యాసాలను ఇంటికొచ్చి సాధన చేసేవారట. కానీ బొంబాయిలో సినిమా పిచ్చి ఉన్న కుర్రవాళ్లకు కొదవా? ముందు ఇల్లు గడవాలి. చివరికి నగర బస్సులు నడిపే 'బెస్ట్' సంస్థలో కండక్టరు ఉద్యోగం దొరికింది.

బస్సే వేదిక

ఈ రోజుల్లో మన పిల్లలు ఫోన్లలో 'స్టాండప్ కామెడీ' చూస్తున్నారు. ఒక మనిషి, ఒక మైకు, ఎదురుగా జనం. వేషం లేదు, సెట్టు లేదు. నిలబడి మాట్లాడుతూ నవ్వించాలి. దీన్ని చాలామంది నిన్నమొన్న పడమటి నుంచి వచ్చిన కళ అనుకుంటారు. ఆ పేరు కొత్తదేమో కానీ పని కొత్తది కాదు. 1940లలో బొంబాయి బస్సులో బద్రుద్దీన్ చేసింది ఇదే.

ఆయన వేదిక కదిలే వేదిక. ప్రేక్షకులు టికెట్టు కొన్నవారే కాని హాస్యం కోసం కొన్నవారు కారు. మిల్లు షిఫ్టు దిగి అలసిపోయినవాడు, ఆఫీసుకు ఆలస్యమై చిరాకు పడుతున్నవాడు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, ఇరుకులో ఒకరి కాలు ఒకరు తొక్కుకుని తగువుకు సిద్ధమైనవారు. అలాంటివారి నడుమ టికెట్లు కొడుతూ, స్టాపుల పేర్లు పిలుస్తూ, మాటకు మాట అందిస్తూ నవ్వించేవారు. అక్కడ ఒకరిని కించపరిచి పదిమందిని నవ్వించడం కుదరదు. ఆ ఒకరు కూడా రేపు అదే బస్సు ఎక్కుతారు. అందరూ నవ్వాలి, ఎవరూ నొచ్చుకోకూడదు. జానీ వాకర్ హాస్యానికి ఇదే తొలి పాఠశాల.

దాదీమా ప్రశ్నకు జవాబు కూడా కొంత ఇక్కడే దొరుకుతుంది. రాత్రి చివరి బస్సుల్లో ఎవరెక్కుతారో ఏ కండక్టరును అడిగినా చెబుతాడు. తూలేవాళ్లు, టికెట్టు డబ్బుల కోసం ఒకే జేబును పదిసార్లు తడుముకునేవాళ్లు, తాము తాగలేదని అడక్కుండానే చెప్పేవాళ్లు. అటువంటివారిని నిత్యం చూసే ఉద్యోగం అది. చూసిందేదీ ఆయన కన్ను వదల్లేదు.

గురుదత్ ఎదుట పరీక్ష

ఆ బస్సు కండక్టరులోని కళను గుర్తించినవారు నటుడు బలరాజ్ సాహ్నీ. అప్పుడాయన 'బాజీ' చిత్రానికి రచన చేస్తున్నారు. దేవానంద్ కథానాయకుడు. గురుదత్‌కు దర్శకుడిగా అదే మొదటి సినిమా. "నువ్వు వెళ్లి గురుదత్ ఎదుట తాగుబోతులా నటించి చూపించు" అని సాహ్నీ సలహా ఇచ్చారట.

తర్వాత జరిగిన కథను చిత్రసీమలో పలువురు పలు రకాలుగా చెప్పుకుంటారు. సారాంశం ఒక్కటే. ఒక తాగుబోతు తూలుతూ ఆఫీసులో జొరబడ్డాడు. కనిపించినవారినల్లా పలకరించి విసిగించాడు. నిజంగానే తాగి వచ్చాడనుకుని అక్కడివారు నమ్మేశారు. ఇక బయటకు గెంటుతారనగా, ఆ మనిషి నిటారుగా నిలబడి సలాము చేశాడు. గురుదత్ ముందు నివ్వెరపోయి, ఆ తర్వాత నవ్వారు. వేషం ఖాయమైంది. 1951లో విడుదలైన 'బాజీ'లో అది చిన్న వేషమే. అయినా ఒక జీవితాన్ని మలుపు తిప్పింది.

పేరు కూడా గురుదత్ పెట్టిందే. అంత బాగా తాగుబోతులా నటించినవాడికి ప్రసిద్ధ స్కాచ్ విస్కీ పేరు పెడితే సరిపోతుందని 'జానీ వాకర్' అన్నారు. ఇంట్లో అయిదు పూటలా నమాజు మాట వినిపించే సంప్రదాయంలో పెరిగిన కాజీగారి అబ్బాయికి సారాయి సీసా మీది పేరు! ఆయన ఆ పేరును కాదనలేదు. ఆ సీసాను మాత్రం జీవితాంతం దగ్గరకు రానివ్వలేదు. తన జీవితంలో మద్యం ముట్టలేదని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు. మద్యం పుష్కలంగా పారే సినీ విందుల నడుమ ఆ మాట నిలుపుకోవడం ఎంత కష్టమో ఆ రంగంలో ఉన్నవారికే తెలుస్తుంది.

మాలిష్‌వాలా అబ్దుల్ సత్తార్

గురుదత్, జానీ వాకర్‌ల స్నేహం హిందీ సినిమాకు పెద్ద వరం. 'ఆర్ పార్' (1954), 'మిస్టర్ అండ్ మిసెస్ 55' (1955), గురుదత్ నిర్మించగా రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన 'సి.ఐ.డి.' (1956), 'ప్యాసా' (1957), 'కాగజ్ కే ఫూల్' (1959), 'చౌద్‌వీ కా చాంద్' (1960). వరుసగా ఒకదాని వెంట ఒకటి. గురుదత్ పద్ధతి విచిత్రమైనది. సన్నివేశం ఇది, నీ మాటలు ఇవి, ఇంతకన్నా బాగా చెప్పగలిగితే చెప్పు అని వదిలేసేవారు. జానీ వాకర్ అప్పటికప్పుడు కొత్త మాట అల్లేవారు. సెట్టులో లైట్‌బాయ్‌లు, కెమెరా సహాయకులు నవ్వారా లేదా అని గురుదత్ గమనించేవారు. వాళ్లు నవ్వితే ఆ మాట నిలిచేది. బస్సులో నేర్చిన విద్య సెట్టులో అలా పనికొచ్చింది.

'సి.ఐ.డి.'లో బొంబాయి మహానగరం తీరుతెన్నుల మీద ఒక పాట ఉంది. మజ్రూహ్ సుల్తాన్‌పురి రచన, ఓ.పి. నయ్యర్ సంగీతం, రఫీ, గీతాదత్ గానం. సముద్రపు ఒడ్డున గుర్రపు బండి మీద వెళుతూ జానీ వాకర్ ఆ పాటకు అభినయించారు. ఆ నగరంలో కూలీగా, చిల్లర వ్యాపారిగా, కండక్టరుగా బతికినవాడు కాబట్టి ఆ పాటలోని ప్రతి అక్షరం ఆయన ముఖంలో నిజమై కనిపిస్తుంది. తెలుగువారికి ఈ సినిమాతో ఇంకో బంధం ఉంది. 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకు నర్తించి ఆంధ్రదేశాన్ని ఊపేసిన వహీదా రెహమాన్‌ను గురుదత్ బొంబాయికి తీసుకెళ్లి హిందీ తెరకు పరిచయం చేసింది ఈ 'సి.ఐ.డి.'తోనే.

'ప్యాసా' సంగతి వేరు. అది నవ్వుల సినిమా కాదు. లోకం పట్టించుకోని ఒక కవి ఆవేదన. ఆ చీకటిలో వెలుగు కిరణంలా వస్తాడు మాలిష్‌వాలా అబ్దుల్ సత్తార్. భుజాన తువ్వాలు, చేతిలో నూనె సీసాలు. తలనొప్పి అయినా, మనోవ్యథ అయినా తన చేతి మర్దనతో పోతుందని పాడతాడు. సాహిర్ లుధియాన్వీ రాసిన ఆ పాటను ఎస్.డి. బర్మన్ స్వరపరచగా రఫీ పాడారు. ఆ పాట తెలియని ఇల్లు మనలో ఉండదేమో. మా ఊళ్లో బజారులో తలకు నూనె పెట్టే ముసలాయన ఆ పాటను కూనిరాగం తీసేవాడు. తన పనిని కూడా ఒకరు పాటగా కట్టారని ఆయనకు గర్వం. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. అందరూ వెలివేసిన కవిని చివరి వరకు మనిషిగా చూసిన కొద్దిమందిలో ఈ మాలిష్‌వాలా ఒకడు. బీదవాణ్ణి చూపి నవ్వించడం తేలిక. జానీ వాకర్ ఆ బీదవాడికి నవ్వించే నేర్పునూ ఇచ్చారు, స్నేహం నిలుపుకునే పెద్దమనసునూ ఇచ్చారు.

గొంతు ఒకరిది, ముఖం ఒకరిది

జానీ వాకర్ గురించి రాస్తూ మహమ్మద్ రఫీని తలచుకోకపోతే అన్యాయం. హాస్యనటుడికి ప్రత్యేకంగా ఒక పాట ఉండటం, ఆ పాట కోసమే జనం థియేటర్లకు రావడం ఈ జంటతోనే బలపడింది. జానీ వాకర్ గొంతులోని ముక్కుతో పలికే ధోరణిని, ఆ సన్నని వంకరను పట్టుకుని రఫీ పాడితే, పాడుతున్నది ఎవరో ఒక్క క్షణం తెలియదు. 'నయా దౌర్' (1957)లోనూ, 'మధుమతి' (1958)లో చెట్టెక్కి పాడే తాగుబోతు పాటలోనూ అదే గారడీ.

చిత్రమేమిటంటే రఫీ సాహెబ్ కూడా మద్యం ముట్టని మనిషే. అంటే ఆ తాగుబోతు పాటలో ఊగిన గొంతుకూ మద్యం తెలియదు, తూలిన కాళ్లకూ తెలియదు! బిమల్ రాయ్ దర్శకత్వంలో వచ్చిన ఆ 'మధుమతి'లో చరణ్‌దాస్ పాత్రకు జానీ వాకర్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి లభించింది. తర్వాత 'షికార్' (1968)కు ఉత్తమ హాస్యనటుడి బహుమతి కూడా అందుకున్నారు. దానికి దర్శకుడు గురుదత్ తమ్ముడు ఆత్మారామ్.

నవ్వవచ్చునా?

ఇప్పుడు దాదీమా వేసిన మొదటి ప్రశ్నకు రావాలి. తాగుబోతును చూసి నవ్వవచ్చునా? దీన్ని దాటవేసి జానీ వాకర్‌ను పొగడటం సులువు. కానీ అది నిజాయితీ కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించిన సంగతి, ఆ నిప్పు రాష్ట్రమంతా పాకిన సంగతి మనకు తెలుసు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. రోడ్డెక్కిన ఆ స్త్రీలను అడిగితే తాగుబోతు నవ్వు పుట్టించేవాడని ఒక్కరూ అనరు. ఇంటికొచ్చే తాగుబోతు పాట పాడడు. చెయ్యి చేసుకుంటాడు. బియ్యం డబ్బులు ఎత్తుకుపోతాడు. తెరమీది తాగుబోతు ఇంటికి వెళ్లడు. వెళ్లేలోపే సన్నివేశం అయిపోతుంది. మా దాదీమా సన్నివేశం తర్వాతి కథ చూసిన మనిషి. అందుకే నవ్వలేదు. ఆమె తప్పు లేదు.

మరి జానీ వాకర్ తప్పు ఉన్నదా? ఆయన తాగుబోతును జాగ్రత్తగా గమనించండి. అతడు తాగుడు గొప్పదని చెప్పడు. తాగితే మగతనమని చెప్పడు. తాను నిటారుగానే ఉన్నానని లోకాన్ని నమ్మించడానికి నానా అవస్థ పడతాడు. ఎంత ప్రయత్నిస్తే అంత దొరికిపోతాడు. మనం నవ్వేది ఆ అవస్థను చూసి. చూసినవాడికి అలా కావాలని అనిపించదు. సీసా ఎత్తి విజయగర్వంతో తాగే కథానాయకుడిని చూసి కుర్రవాళ్లు చెడిపోయారేమో కాని, జానీ వాకర్‌ను చూసి తాగుడు నేర్చుకోవాలని అనుకోవడం కష్టం. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నవ్వు కొన్నిసార్లు గాయాన్ని తేలిక చేస్తుంది. అందుచేత అటువంటి సన్నివేశం పిల్లలతో కలిసి చూసే ఇంట్లో, నవ్వు ఆగిన తర్వాత ఒక్క మాట చెప్పవలసిన బాధ్యత పెద్దలదే. ఆ మనిషి నిజ జీవితంలో చుక్క ముట్టలేదన్న మాట.

నవ్వు మన ధర్మానికి కొత్త కాదు. దైవప్రవక్త (స) తన సహచరులతో పరాచికాలాడేవారని, అయితే ఆ పరాచికంలో కూడా అసత్యం ఉండేది కాదని హదీసులు తెలుపుతున్నాయి. మరోవైపు ఒకరు మరొకరిని ఎగతాళి చేయరాదని ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నది. ఈ రెండింటి నడుమ దారి సన్ననిది. జానీ వాకర్ పండితుడు కాదు, బోధకుడూ కాదు, సినిమా నటుడు. కాని తెలిసో తెలియకో చాలావరకు ఆ సన్నని దారిలోనే నడిచారు. ఆయన హాస్యంలో కుంటివాడు, గుడ్డివాడు, నల్లటి మనిషి, వితంతువు వేళాకోళానికి గురికారు. నవ్వు తన మీదికే తెచ్చుకున్నారు.

ఇల్లు, ఆదివారం, చదువు

'ఆర్ పార్' చిత్రీకరణ సమయంలో జానీ వాకర్‌కు నటి షకీలా చెల్లెలు నూర్‌తో పరిచయమైంది. పెద్దల అయిష్టాన్ని దాటుకుని వారి వివాహం జరిగింది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. సినిమావాళ్ల సంసారాలు తరచు పత్రికలకెక్కే రోజుల్లో ఆయన సంసారం గుట్టుగా సాగింది. ఆదివారం షూటింగుకు రానని నియమం పెట్టుకున్న తొలి నటుల్లో ఆయన ఒకరని చెబుతారు. ఒకనాడు వారమంతా వీధుల్లో తిరిగి సరుకులమ్మిన మనిషికి, ఇంట్లో బిడ్డల నడుమ గడిపే ఒక్క రోజు విలువ తెలుసు.

ఒక్క కొరత మాత్రం ఆయనను చివరిదాకా బాధించింది. చదువు. ఆరో తరగతితో బడి మానవలసి వచ్చినందుకు ఎప్పుడూ చింతించేవారు. డబ్బు, పేరు, కారు, బంగళా వచ్చిన తర్వాత కూడా ఆ కొరత తీరలేదు. అందుకే కొడుకులను చదువు కోసం అమెరికా పంపారు. తనకు దక్కనిది బిడ్డలకు దక్కాలని పట్టుబట్టారు. ఈ ఒక్క సంగతి మన ఇళ్లలో పదేపదే చెప్పుకోవలసినది. "చదివి ఏం చేస్తావు, పనిలోకి రా" అని మెకానిక్ షెడ్డుకో, హోటలుకో పంపే తండ్రులు మనలో ఇంకా ఉన్నారు. చదువు లేకుండా పైకొచ్చిన జానీ వాకర్‌ను వారు ఉదాహరణ చూపవచ్చు. కాని ఆ జానీ వాకరే చదువు లేకపోవడం వెలితి అన్నారు. ఆయన కీర్తిని మాత్రమే తీసుకుని, ఆయన చింతను వదిలేయడం న్యాయం కాదు.

తలుపు మూసుకున్న వైనం

1964 అక్టోబరులో గురుదత్ అకాల మరణం చెందారు. 1966 జనవరిలో బిమల్ రాయ్ వెళ్లిపోయారు. తన విలువ తెలిసిన దర్శకులు ఒక్కొక్కరే కనుమరుగయ్యారు. అయినా మంచి పాత్ర దొరికితే జానీ వాకర్ ఏం చేయగలరో 1971లో హృషికేశ్ ముఖర్జీ 'ఆనంద్' చూపింది. రాజేశ్ ఖన్నా కథానాయకుడు. క్యాన్సర్‌తో రోజులు లెక్కపెట్టుకుంటున్న ఆనంద్‌కు ఒక సరదా. ముక్కూమొహం తెలియనివాళ్లను పట్టుకుని "మురారీలాల్" అని పలకరిస్తాడు. అందరూ తెల్లబోతారు. ఒక్క ఈసా భాయ్ మాత్రం, ఆ నాటకాల మనిషి, ఏమాత్రం తడుముకోకుండా తానే ఆ మురారీలాల్ అయినట్లు తిరిగి పలకరిస్తాడు. ఆ ఈసా భాయ్ జానీ వాకర్. చివర్లో మంచాన పడ్డ మిత్రుణ్ణి చూడవచ్చి, లోపల నవ్వించి, బయటకు వచ్చి కుమిలిపోతాడు. ఆ సినిమాలో ఉన్నది కొద్ది నిమిషాలే. అంతవరకు ఆయనను చూసి నవ్విన దేశం ఆ కొద్ది నిమిషాల్లో ఏడ్చింది.

ఆ తర్వాత కాలం మారింది. కథానాయకుడే హాస్యం కూడా చేయసాగాడు. హాస్యనటుడికి మిగిలినవి ద్వంద్వార్థాలు, వెకిలి చేష్టలు. జానీ వాకర్‌కు అది నచ్చలేదు. థియేటరుకు వచ్చే మనిషి భార్యాబిడ్డలతో వస్తాడన్న ఎరుకతో తాము పనిచేసేవారమని, తాను నటించిన సుమారు 300 సినిమాల్లో తన మాట ఒక్కటి కూడా సెన్సారు కత్తిరించలేదని ఆయన చెప్పుకునేవారు. ఆ లెక్క తప్పి నటించడం కన్నా ఇంట్లో కూర్చోవడం మేలనుకున్నారు. అవకాశాలు లేక మానేసినవారు ఎందరో ఉన్నారు. ఎటువంటి అవకాశం వద్దో తేల్చుకుని తప్పుకున్నవారు తక్కువ.

ఆయన వదిలిన వేదిక మీదికి కొత్త తరం వచ్చింది. అందులో ముందు వరుసలో నిలిచినవాడు మన తెలుగు బిడ్డే. ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో 1957లో పుట్టి, బొంబాయి ధారావిలో పెరిగి, వీధుల్లో కలాలు అమ్మి, హిందుస్తాన్ లీవర్ కార్మాగారంలో కూలీగా పనిచేస్తూ తోటి కార్మికులను నవ్వించిన జాన్ ప్రకాశరావు. లోకానికి జానీ లీవర్. మన దేశంలో మైకు పట్టుకుని ఒంటరిగా నవ్వించే కళకు బాట వేసినవారిలో ఒకరు. ఒక జానీకి విస్కీ పేరు, ఇంకో జానీకి సబ్బుల కంపెనీ పేరు. ఇద్దరూ బడి మధ్యలో మానినవారే. ఇద్దరూ వీధిలో నేర్చుకున్నవారే. నవ్వించే విద్యకు మతమూ ప్రాంతమూ అడ్డు రావని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చివరి వేషం

ఎన్నో ఏళ్లు ఇంటిపట్టునే ఉన్న జానీ వాకర్‌ను కమల్‌హాసన్ మళ్లీ కెమెరా ముందుకు తెచ్చారు. మన తెలుగువారు 'భామనే సత్యభామనే'గా చూసిన కథే హిందీలో 'చాచీ 420' (1997). అందులో మేకప్ మనిషి జోసెఫ్‌గా నటించారు. ఆ జోసెఫ్ ఎవరనుకుంటున్నారు? తాగుబోతే! 'బాజీ'లో తూలిన అడుగులు 46 ఏళ్ల తర్వాత అంతే తేలికగా తూలాయి. వయసు మీద పడినా లయ తప్పలేదు. అదే ఆయన చివరి వేషం.

2003 జులై 29న ముంబయిలో జానీ వాకర్ తుదిశ్వాస విడిచారు. అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సంతాపం తెలిపారు. పత్రికలు పాత ఫొటోలు వేశాయి. ఆ ఫొటోల్లో చాలావాటిలో చేతిలో సీసా ఉంది.

ఆ సీసా ఖాళీదని, అందులో ఎన్నడూ మద్యం లేదని మన పిల్లలకు చెప్పాలి. చేసే పని ఏదైనా కావచ్చు. చుట్టూ ఉన్న లోకం ఎటైనా లాగవచ్చు. లోకం పెట్టిన పేరు మీద మనకు అధికారం ఉండకపోవచ్చు. ఆ పేరు వెనుక ఎలా బతకాలో మాత్రం మన చేతిలోనే ఉంది.

దాదీమా పోయి చాలా ఏళ్లయింది. పోవడానికి ముందు ఒకనాడు రేడియోలో మాలిష్‌వాలా పాట వచ్చింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న దాదీమా చెయ్యి ఆగింది. పెదవి మీద చిన్న నవ్వు. "ఇదీ ఆ బద్రుద్దీనే కదూ?" అని అడిగింది. అవునన్నాం. "ఈ వేషం బాగుంది. ఇది కష్టపడి బతికే మనిషి" అంది. మళ్లీ ఉల్లిపాయలు తరగసాగింది.

నలుగురినీ నవ్వించి, ఎవరి మనసూ నొప్పించక వెళ్లిపోయిన ఆ కాజీ సాహెబ్‌ను అల్లాహ్ కరుణించుగాక.